మన ఊళ్ళో పాట ఎప్పుడూ పక్కవాద్యమే

పోయినేడాది కార్తీకమాసంలో ఒక సభకి వెళ్ళా. ఏ హాలో, ఎవరు పెట్టారో చెప్పను, బెజవాడలో నాలుగు సభలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా, అన్నీ అలాగే ఉంటాయి. కరపత్రం మీద వీణ కచేరీ, సాయంత్రం 6.30 అని ఉంది. నేను ఆటోనగర్‌లో షాపు కట్టేసి, బెంజ్ సర్కిల్ దగ్గర చెమటలు కక్కుకుంటూ ట్రాఫిక్ దాటుకుని ఆరుంపావుకల్లా చేరా. గేటు దగ్గర డప్పుల వాళ్ళు ఆరుగురు నిలబడి ఉన్నారు. గుంటూరు అవతల ఏదో ఊరంట, నాలుగింటి నుంచి అక్కడే ఉన్నారంట. ముఖ్య అతిథి వస్తే వాయించాలి, అదీ వాళ్ళ డ్యూటీ.

ముఖ్య అతిథి గారు ఏడూ పదికి వచ్చారు. కారు డోరు తీసిన దగ్గర్నుంచి ఆయన మెట్లెక్కేదాకా డప్పు మోగింది, మహా అయితే నాలుగు నిమిషాలు. అంతే, గేటు లోపలికి జనం, బయట వాళ్ళు. ఒకాయన వచ్చి పులిహోర పొట్లాలు ఇచ్చి వెళ్ళాడు. వాళ్ళలో పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, నన్ను అడిగాడు: "లోపలేంటి బాబూ?" వీణ కచేరీ అన్నా. "మమ్మల్ని రానిస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నాకు కోపం రావాల్సింది, సిగ్గొచ్చింది. రండి బాబాయ్ అని తీసుకెళ్ళి వెనక వరసలో కూర్చోబెట్టా, ఎవరూ ఏమీ అనలేదులెండి, అసలు ఎవరూ చూడలేదు, అందరూ స్టేజీ మీద శాలువాలు లెక్కపెట్టుకుంటున్నారు.

జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి (ఈ మూడింటికీ తేడా ఏంటో ఎవరైనా చెప్తే పుణ్యం ఉంటుంది), శాలువా, మెమెంటో, గ్రూప్ ఫోటో, ఫోటోలో పడనివాళ్ళ కోసం ఇంకో గ్రూప్ ఫోటో. ఎనిమిదీ ఇరవైకి ఆవిడని పిలిచారు. ఆవిడ పాపం మేకప్ రూంలో రెండు గంటలు కూర్చుని వచ్చి శృతి చేసుకుంటుంటే, యాంకర్ ఆ శృతి మీదే మాట్లాడుతూ స్పాన్సర్ల పేర్లు చదివింది. తర్వాత ఒక వర్ణం, ఒక కీర్తన. "అమ్మా, సమయాభావం వల్ల" అని చీటీ వెళ్ళింది. మొత్తం కచేరీ పాతిక నిమిషాలు. ఆరు డప్పులూ ఒక వీణా కలిపి ఆ సాయంత్రం వాయించింది అరగంట లోపే, మాటలు మాత్రం గంటకి పైన.

డప్పు బాబాయ్ కీర్తన సగంలో లేచాడు, బస్సుందంట. బయటికొచ్చి సాగనంపుతుంటే ఒక మాట అన్నాడు. "ఆ తల్లి వీణ మరలు తిప్పుకున్నంతసేపూ బాగుంది బాబూ, తర్వాత స్పీకరు పెట్టెల్లోంచి వచ్చేసరికి గరగరలాడింది. మేం డప్పు మంట మీద కాస్తాం, ఆ తల్లి మరలు తిప్పుద్ది, అంతేగా తేడా" అని. నేను ఘంటసాల గారి పేరు మీదున్న ప్రభుత్వ సంగీత కళాశాలలో సాయంత్రం క్లాసులకి వెళ్ళి రెండేళ్ళు వయొలిన్ గీకినవాణ్ణి, ఆ పక్క వరసలో కూర్చుని నాకు తట్టనిది ఆయనకి తట్టింది. వీణ శృతి మైకు లేకుండానే వెనక వరసకి వినపడింది, ఎందుకంటే ఆ ఒక్క నిమిషం ఎవరో ఫ్యాన్ స్విచ్ కట్టేశారు.

ఆ రాత్రి నుంచి నా బుర్రలో తిరుగుతున్న మాట ఇది. మన ఊళ్ళో పాటకి కచేరీ లేదు, పాట ఎప్పుడూ ఇంకోదానికి పక్కవాద్యం. డప్పు అతిథి గారి కారుకి పక్కవాద్యం, వీణ సన్మానానికి పక్కవాద్యం, నాదస్వరం పెళ్ళి భోజనాలకి పక్కవాద్యం, ఇక గిటార్ పట్టుకున్న కుర్రాళ్ళ సంగతైతే, కెఫేలో కోల్డ్ కాఫీకి పక్కవాద్యం. మొగల్రాజపురంలో ఒక చోట చూశా, పిల్లవాడు కళ్ళు మూసుకుని పాడుతుంటే వెనక మిక్సీ గర్రుమంటోంది, వాడు పాపం మిక్సీ ఆగేదాకా అదే గిటార్ కార్డ్ మళ్ళీ మళ్ళీ మీటుతున్నాడు.

అందుకే ఈసారి మేం నలుగురం కలిసి ఒక పని చేస్తున్నాం, అది చెప్పటానికే ఇదంతా. సత్యనారాయణపురంలో ఒక పెద్దాయన ఇంటి రెండో అంతస్తులో హాలుంది, ఎనభై కుర్చీలు పడతాయి, పైన డాబా. దసరా హడావిడి తగ్గిన వారం నుంచి శనివారం శనివారం కచేరీ. ఒక వారం జానపదం, ఒక వారం శాస్త్రీయం, ఒక వారం గిటారూ గొంతూ మాత్రమే ఉండే పాట, ఇదే వరసలో కాకపోయినా అలా మార్చి మార్చి ఎనిమిది శనివారాలు. అతిథులు లేరు. శాలువాలు లేవు. స్టేజీ కూడా లేదు, ఒక తివాచీ అంతే.

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు, మేం నలుగురం నాలుగు దిక్కులు. మా బావ మృదంగం వాయిస్తాడు, శాస్త్రీయం తప్ప మిగతాది వినోదం అనే బ్యాచ్. ఇంకో ఫ్రెండు సౌండ్ సిస్టమ్స్ అద్దెకిస్తాడు. ఇంకో అమ్మాయి గిటార్ నేర్పుతుంది, మమ్మల్ని అంకుల్స్ అంటుంది.

మొదటి గొడవ జానపదం మీదే. బావ అన్నాడు, "రేయ్, బుర్రకథ, డప్పు ఇవన్నీ ఆరుబయట కళలు, హాల్లో కూర్చోబెట్టి వినే సరుకు కాదు." ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటా. ఆరు డప్పులు ఎనభై కుర్చీల గదిలో మోగితే చెవులు పగుల్తాయి. మరి నాదస్వరం? అదీ గుడి ప్రాకారంలో, ఊరేగింపులో వాయించటానికి పుట్టిందే కదా, నాలుగ్గోడల మధ్య అదీ భరించలేం. దాన్ని మాత్రం మంగళవాద్యం అంటాం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గారు శ్రీరంగం వెళ్ళి స్థిరపడి అక్కడ రంగనాథుడి సన్నిధిలో వాయించారు, 1977లో పద్మశ్రీ కూడా ఇచ్చారు, చప్పుడు ఎక్కువని ఆయన్ని ఎవరూ గేటు దగ్గర నిలబెట్టలేదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, బావా, నీ మృదంగం దేంతో చేస్తారు? తోలుతో. డప్పు దేంతో చేస్తారు? తోలుతో. నువ్వు కచేరీకి ముందు ఎడమవైపు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తావు, వాళ్ళు ఎండుగడ్డి మంట వేసి కాస్తారు. ఒక తోలు వేదిక మీదికి, ఒక తోలు గేటు దగ్గరికి ఎందుకెళ్ళిందో నీకూ తెలుసు నాకూ తెలుసు, దానికి సౌండుతో సంబంధం లేదు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, డప్పూ నాదస్వరం రెండూ డాబా మీద" అన్నాడు. అలా ఆ రెండూ ఒక గూటికి చేరాయి.

బుర్రకథ మాత్రం హాల్లోనే అని నేను పట్టుబట్టా. బుర్రకథని దగ్గరగా చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. కథకుడు మధ్యలో తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకి అందెలు తొడుక్కుని, అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలనే చిన్న డోళ్ళతో. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. వంత పాడటం అని మనం వెటకారంగా అంటాం గానీ అసలు వంత చేసే పని వేరు, కథకుడు ఒక చరణం వదిలితే దాన్ని అందుకోవాలి, మధ్యలో కథ ఆపి అడ్డంగా ప్రశ్న వెయ్యాలి, మొన్న బియ్యం రేటు ఎంతో చెప్పి జనాన్ని నవ్వించి మళ్ళీ కథలోకి తోసెయ్యాలి. ఆ కనుబొమ్మ ఎగరెయ్యటం, ఆ అందెల చప్పుడు, వంద అడుగుల దూరంలో ఎల్‌ఈడీ తెర మీద ఏం తెలుస్తుంది? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు 1940ల్లో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘంతో ఊరూరా తిరిగి ఈ కళని ఎక్కడికో తీసుకెళ్ళారు, 1986లో పద్మశ్రీ వచ్చింది, బుర్రకథ పితామహుడంటాం, బాగానే ఉంది, కానీ ఆయన జిల్లాలో ఇవాళ బుర్రకథ దళాలకి దొరికే పని ఎక్కువగా ప్రభుత్వ పథకాల ప్రచారం. మళ్ళీ పక్కవాద్యమే.

ఇంకోటి. ఫోక్ అనే మాట మా షాపులో కుర్రాళ్ళకి వేరే అర్థంలో తెలుసు. ఫోక్ సాంగ్ అంటే యూట్యూబ్‌లో వచ్చే డీజే బీటు, పెళ్ళి బరాత్‌లో ఊగేది. దాని మీద నాకు పగ లేదు, దసరాల్లో మా వీధిలో అదే మోగుద్ది, నా కాలు కూడా ఆడుద్ది. కానీ ఒక పేరుకి రెండు సరుకులు ఉన్నప్పుడు గట్టిగా అరిచేదే మిగుల్తుంది. పల్నాడులో కారంపూడి ఉందా, కార్తీక అమావాస్యకి మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు, పంబజోడు అనే జంట డోళ్ళు, శృతి పట్టే తిత్తి, తాళాలు, అంతే సరంజామా. ఆ కథలో బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే చోట తిత్తి శృతి అలా సన్నగా పట్టుకునే ఉంటుంది, దాని మీద గొంతు లేస్తుంది. నేను ఒక్కసారే విన్నా, ఇరవై ఏళ్ళయింది, మా మావయ్య లారీ రిపేరుకని ఆ దారిలో వెళ్ళి ఇరుక్కుపోయి. వాళ్ళని పిలవాలని నా ఆశ, అయితే అమావాస్యకి వాళ్ళు కారంపూడిలో ఉండాలి కాబట్టి ముందు శనివారమే పెట్టుకోవాలి. మన కేలండర్ కోసం వాళ్ళ పండగ జరగదుగా.

రెండో గొడవ మైకు. సౌండ్ సిస్టమ్ ఫ్రెండు ఉచితంగా ఇస్తానన్నాడు, నాలుగు పెద్ద బాక్సులు. వద్దన్నాం, అలిగాడు. వాడి వాదన కూడా వినండి, మాండలిన్ శ్రీనివాస్ గారు పాలకొల్లు పిల్లవాడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసినప్పటికి తొమ్మిదేళ్ళు, ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, అది లేకపోతే ఆ గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ సాగదీయటం, ఆ వాద్యం మీద నిలిచేవి కాదు, మరి కరెంటు తప్పెలా అవుతుందిరా అన్నాడు. నిజమే, నా దగ్గర జవాబు లేదు. అలాగే ఆకాశవాణి. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో మొదలైతే, ఈ ఊళ్ళో వినే చెవి తయారైందే మైకు ముందు. పొద్దున్నే భక్తిరంజని, పున్నమ్మతోట స్టూడియోలో గొంతు పెంచకుండా మైకుకి దగ్గరగా పాడిన పాట, మా అమ్మ కాఫీ కలుపుతూ వినేది. రేడియో మనకి అలవాటు చేసింది పెద్ద సౌండ్ కాదు, చెవి దగ్గర మాట్లాడే సౌండ్. అందుకని చివరికి తేల్చుకున్నది ఏంటంటే మైకు ఉంటుంది, ఒకటి, గొంతుకో వీణకో సాయం అంతవరకే, బాక్సు చిన్నది, కళాకారుడు వద్దంటే అదీ లేదు. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని, రాత్రి పదింటి తర్వాత లౌడ్ స్పీకర్ ఉండకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, మనం మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై దాకా వెళ్తుంది, ఇక మన ఊళ్ళో దాని గురించి ఎవరితో చెప్పుకుంటాం.

ఫ్యాన్ల గొడవ వేరే ఉంది. అక్టోబర్ బెజవాడ, వాన పడితే ఉక్క, పడకపోతే ఎండ, ఫ్యాన్లు కట్టేస్తే ఎనభై మందీ ఆవిరి కుడుముల్లా అయిపోతారు, వెయ్యిస్తే వీణ వినపడదు. ఏసీ పెడితే బావ మృదంగం ప్రతి పది నిమిషాలకీ శృతి జారుతుంది. పాట నడిచేటప్పుడు ఫ్యాన్లు ఆఫ్, పాటకీ పాటకీ మధ్య ఆన్. నవ్వకండి, ఒక కుర్రాణ్ణి ఆ పని మీదే పెట్టాం.

తోలు, చెక్క అనేసరికి ఇంకోటి గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ మాకు తెలిసిన మృదంగం మాస్టారి ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలిచాయి. టీవీ, ఫ్రిజ్ పోయినవాళ్ళకి ఏదో లెక్క రాశారు, ఆయన మృదంగాలు రెండు ఉబ్బి మూతలు ఊడిపోయాయి, అవి లిస్టులో ఏ గడిలోనూ రాలేదు. ఆయన మా మూడో శనివారం వాయిస్తున్నారు, అడిగి తెచ్చుకున్న మృదంగంతో.

మూడోది డబ్బు, ఇక్కడే నేను అందరితోనూ గొడవపడ్డా. మన దగ్గర సంగీతం అంటే ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. వినటానికి ఎంత ఉదారంగా ఉంటుందో. ఉచితం అనేసరికి ఖర్చు ఎవడో ఒకడు పెట్టుకోవాలి, పెట్టుకున్నవాడికి మొదటి మూడు వరసలు, ఆ మొదటి మూడు వరసలకి సన్మానం, ఆ సన్మానానికి వీణ. నేను పైన చెప్పిన పాతిక నిమిషాల కచేరీ అక్కణ్ణుంచి వచ్చింది. అందుకే టికెట్ నూట యాభై పెట్టాం. ఎనభై కుర్చీలూ నిండితే పన్నెండు వేలు, ఎనిమిది వారాలకి తొంభై ఆరు వేలు, నిండవని మాకూ తెలుసు. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్‌కి అంతకన్నా ఎక్కువ పెట్టేవాళ్ళు కూడా "సంగీతానికి టికెట్టా?" అని ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనివ్వండి. హాలు పెద్దాయన అద్దె వద్దన్నారు, చెప్పులు కింద విప్పాలి, కిళ్ళీ నమిలేవాళ్ళు రాకూడదు, ఆ రెండే ఆయన షరతులు.

వచ్చిన డబ్బు పంచటం దగ్గర బావ మళ్ళీ లేచాడు. శాస్త్రీయం వాళ్ళకి ఇంత, జానపదానికి ఇంత, గిటార్ పిల్లలకి దారి ఖర్చులు అని ఒక కాగితం రాసుకొచ్చాడు. ఇరవై ఏళ్ళ సాధనరా అన్నాడు. బుర్రకథ కథకుడిది ఎన్నేళ్ళు బావా అన్నా. మూడు గంటల కథ కాగితం చూడకుండా ఉంటుంది ఆయన దగ్గర, అది సాధన కాదా? గిటార్ అమ్మాయి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నదల్లా తలెత్తి "అంకుల్, నేను కూడా ఏడేళ్ళ నుంచి రోజూ మూడు గంటలు" అంది. చివరికి ఏ వారమైనా వచ్చిన టికెట్ డబ్బు ఆ వారం తివాచీ మీద కూర్చున్నవాళ్ళది, కరెంటు, టీ ఖర్చు తీసేసి, వాళ్ళల్లో వాళ్ళు పంచుకుంటారు. ఇది సరైన లెక్కేనా అంటే నాకూ అనుమానమే, వాన పడ్డ శనివారం ఎవరికి పడితే వాళ్ళకి అన్యాయం.

గిటార్ గురించి పెద్దగా వాదన లేదు నాకు. పరాయి వాద్యం అనేవాళ్ళకి ఒక్కటే, వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ళ దగ్గర చూసి నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు, రెండొందల ఏళ్ళు అయ్యేసరికి అది మనదైపోయింది. భజన మందిరాల్లో హార్మోనియం కూడా పడమటి సరుకే. నాకు భయమల్లా ఫ్యూజన్ అంటేనే. మూడూ కలిపి ఒక సాయంత్రం పెడితే జనం వస్తారని ఎవరో సలహా ఇచ్చారు. వస్తారేమో గానీ పప్పులో పాయసం కలిపినట్టు ఉంటుంది. ఎవరి శనివారం వాళ్ళది. తివాచీ ఒకటే, కుర్చీలు అవే, టికెట్ అదే, అంతవరకే కలపటం.

ఈ ఊరికి చెవి లేదని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, ఆయన ఈ ఊళ్ళో కూర్చుని పాఠాలు చెప్పారు. బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా మొదటి కచేరీ పాడింది ఈ ఊళ్ళోనే, ఆ రోజు విన్నవాళ్ళు మధ్యలో చీటీ పంపించి సమయాభావం అనలేదుగా. తర్వాత ఆయన మన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత మద్రాసు. చినమౌలానా గారు శ్రీరంగం. పంతులుగారి శిష్యుల్లోనే అన్నవరపు రామస్వామి గారు ఇక్కడే ఉండిపోయి ఎంతమందికో వయొలిన్ నేర్పారు, 2021లో పద్మశ్రీ వచ్చిందని పేపర్లో పడ్డప్పుడు మా షాపులో అకౌంట్స్ రాసే కుర్రాడు "ఈయన మనూళ్ళోనే ఉంటారా అన్నా?" అని అడిగాడు. వాడిది సత్యనారాయణపురమే.

సరే, వివరాలు. మొదటి శనివారం బుర్రకథ, హాల్లోనే. రెండో వారం వీణ, పోయినేడాది చీటీ అందుకున్న ఆవిడే, రెండు గంటలు ఆవిడవి, ఫోన్ చేసి అడిగితే "నిజంగా రెండు గంటలా?" అని రెండుసార్లు అడిగారు. డప్పు బాబాయ్ వాళ్ళని వెతకటం కష్టమైంది, ఆరోజు నేను నంబర్ తీసుకోలేదు, సగం వింటున్న మనిషిని లేపి నంబర్ అడగటం బాగోదనిపించి ఊరుకున్నా, తర్వాత బస్సు హడావిడిలో మర్చిపోయా, ఇప్పుడు గుంటూరు అవతల తెలిసిన మెకానిక్‌లందరికీ ఫోన్లు చేస్తున్నా. దొరికితే డాబా మీద ఐదో శనివారం. దొరక్కపోతే ఆ వారం ఖాళీగానే ఉంచుదామన్నా, బావ కూడా సరేనన్నాడు.

ఆరున్నర అంటే ఆరున్నరే. ఆరూ ముప్పై ఐదుకి తలుపు వేసేస్తాం, లేటుగా వస్తే పాట అయిందాకా మెట్ల మీద కూర్చోవాలి, మెట్లు ఇరుకు, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. విసనకర్ర ఉంటే తెచ్చుకోండి.